పెద్దమ్మ చూసిన ఆఖరి పాకం

వన్ టౌన్‌లో బెల్లం దిగుమతయ్యే వీధిలోంచి పోయేటప్పుడు నేను ఆటో ఆపించుకుని కాసేపు నిలబడతాను. ఎండకి మెత్తబడి, గోనెల్లోంచి కారి, ఈగలు ముసిరిన ఆ పచ్చి బెల్లం వాసనలో కాస్త పులుపూ, కాస్త ఎండుగడ్డీ కలిసి ఉంటాయి. మొన్న అలాగే నిలబడితే, అరవై దాటిన మనిషి ఊరికే చూస్తుండటం గమనించి హమాలీ ఒకతను "ఎన్ని దిమ్మలు కావాలండీ?" అనడిగాడు. ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను.

ఆ వీధికి రెండు సందుల అవతల, డెబ్బైలలో, మా ఇల్లు ఉండేది. అమ్మ, నాన్న, అక్క, నేను, మాతోపాటు అమ్మ వాళ్ల అక్కయ్య సుందరమ్మ పెద్దమ్మ. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఆసుపత్రిలో ఆయా. పొద్దున్నే నీలం అంచు తెల్లచీర కట్టుకుని వెళ్లి, సాయంత్రం ఫినాయిల్ వాసనతో తిరిగొచ్చి, స్నానం చేసి, బైబిల్ ముందేసుకుని కూర్చునేది. సందులో పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ ఆమెను "ఆయా" అనే పిలిచేవారు. చలి ముదిరి, సందులో రోకళ్ల చప్పుడు మొదలయ్యాక మాత్రం ఆమె "సుందరమ్మ గారు" అయ్యేది.

అరిసెల పాకం చూడటంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు చుట్టుపక్కల లేరు. మా క్రిస్మస్‌కి ముందు మా వాళ్లూ, ఆ తరువాత పెద్ద పండక్కి హిందువుల ఇళ్లవాళ్లూ కబురు పెట్టేవారు. నానబోసిన బియ్యం ఘాటు, వేగుతున్న నువ్వులు, కమ్మటి నెయ్యి, నూనెలోంచి తీసిన అరిసెను చెక్కల మధ్య నొక్కితే కారే తేనెరంగు జిడ్డు, తాటాకు బుట్టలో గడ్డి పరిచి వాటిని ఆరబెట్టడం, ఆ నెలన్నరా సందు సందంతా ఒకే వంటిల్లులా ఉండేది. బెల్లం పొంగి, నురుగు చిన్నబడి, బుడగలు బరువెక్కి నెమ్మదించేదాకా పెద్దమ్మ కదలకుండా చూసేది. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఒక పాకం చుక్క వేయించి, అది వేళ్లకు మెత్తటి ఉండగా చిక్కగానే "దించండి" అనేది. ఒక్క నిమిషం ముందైతే అరిసె నూనెలో విరిగిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే పళ్లకు పని చెబుతుంది.

అయితే కొన్ని ఇళ్లలో ఆమె వంటింటి గడప ఇవతలే పీట వేసుకుని కూర్చోవాలి. దేన్నీ ముట్టుకోకూడదు. అక్కణ్ణుంచే చూసి చెప్పాలి. ఇంటికొచ్చాక అమ్మ చిన్నబుచ్చుకుంటే పెద్దమ్మ నవ్వేది. "పోనీవే, గారు అంటన్నారు కదా. ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా అనదు."

ఒక ఏడు బియ్యం కొట్టు వెంకటరత్నమ్మ గారు కూతుర్ని అత్తారింటికి గుడివాడ పంపుతూ సారె పెట్టుకున్నారు. సారె అంటే అరిసెలు లేకుండా కుదరదు, అవి వియ్యాలవారి వీధంతా పంచుతారు, ఒక్కటి విరిగినా పదిమంది నోళ్లలో పడుతుంది. పెద్దమ్మకు కబురొచ్చింది. వాళ్ల పనివాడు ఆ రోజు రాకపోవడంతో, మరలో పట్టించిన తడిపిండి తెచ్చే పని నాకు పడింది. మర దగ్గరా, వీధిలోనూ లేని అంటు వంటింటి గడప దగ్గరే మొదలయ్యేది.

"చిన్నోడా, డబ్బా మీద తడిగుడ్డ తియ్యమాక. పిండి ఆరిందంటే ఇంక అరిసెలు లేనట్టే," అని పెద్దమ్మ రెండుసార్లు చెప్పింది.

సైకిలు వెనక డబ్బా కట్టుకుని కాలవ గట్టు మీదుగా వస్తుంటే మా జట్టు గోళీలాడుతూ కనిపించింది. ముందురోజు ఓడిపోయిన కసి నాకింకా తీరలేదు. "వచ్చాడ్రా, ఉన్న నాలుగూ మనకిచ్చిపోడానికి," అన్నాడొకడు. దిగాను. ఆ రోజు గెలుస్తూనే ఉన్నాను. నా నిక్కరు జేబుకి చిల్లు. గెలిచిన గోళీలు మూటకట్టుకోవడానికి డబ్బా మీది గుడ్డ తీశాను. పొద్దు నెత్తిమీదికొచ్చాక చూసుకుంటే పిండి పైనంతా పొడిపొడిగా, వేలు పెడితే పొగలా లేచింది. భయమేసింది. కాలవలోంచి దోసెడు నీళ్లు తెచ్చి చల్లాను, చాలదనుకుని మళ్లీ చల్లాను, కట్టిన ఉండలన్నీ వేళ్లతో చిదిపాను. పిడికిట్లో పట్టుకుంటే ముద్దయింది. బాగుందనుకున్నాను.

గడప ఇవతల నుంచి పెద్దమ్మ "పిండి తడిగా ఉందా అమ్మగారూ?" అనడిగింది. వెంకటరత్నమ్మ గారు పిడికిట పట్టి చూసి "ఉందండీ సుందరమ్మ గారూ," అన్నారు. పెద్దమ్మ వేళ్లు ఒక్కసారి ఆ పిండిని తాకి ఉంటే నా దొంగపని బయటపడేది.

మొదటి అరిసె నూనెలో పడగానే ఇసక గూడులా విడిపోయింది. రెండోదీ అంతే. మరికాస్త పిండి కలిపి చూశారు. బాండీ నిండా నల్లటి మడ్డి తేలింది. వెంకటరత్నమ్మ గారు అరిసెలు తీసే చట్రం కింద పెట్టేశారు.

"నీ మాట మీదే గదమ్మా దించాను."

"నా కళ్లకి ఉండ కట్టినట్టే కనపడిందండీ," అంది పెద్దమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"సరేలే ఆయా. ఇంక వెళ్లు."

నేను అరుగు స్తంభం పక్కనే ఉన్నాను. నా చేతిలో గోళీల మూట ఉంది. నోరు తెరవడానికి నాకు చాలా సమయం దొరికింది.

సారె అరిసెలు లేకుండానే వెళ్లింది. సందులో ఎవరూ పెద్దమ్మను ఏమీ అనలేదు, పిలవడం మానేశారంతే. ఆ క్రిస్మస్‌కి మా ఇంట్లో గులాబీ పువ్వులూ చెక్కలూ చేశారు, పాకం పెట్టలేదు. మరుసటేడు అక్క నేర్పమని పక్కన కూర్చుంటే, "నా దగ్గర నేర్చుకోకమ్మా, నా చూపు పోయింది, నలుగుర్లో నవ్వులపాలవుతావు," అంది. చూపు పోలేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తరువాత ఏ ఏడాదైనా చెప్పొచ్చు. పదో తరగతిలో చెప్పొచ్చు, ఉద్యోగం వచ్చాక చెప్పొచ్చు. నామర్దా అనుకున్నాను, ఎప్పటి సంగతో ఇప్పుడెందుకనుకున్నాను.

చివరికి ఆమె మంచం పట్టాక చెప్పాను. గోడవైపు తిరిగింది. తిడితే బాగుండుననిపించింది.

"అయితే పాకం బానే కుదిరిందన్నమాట."

"కుదిరింది పెద్దమ్మా."

"అప్పుడే చెప్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని గదరా. ఇన్నేళ్లూ కూర వండినా నా చేతి మీద నాకే నమ్మకం లేకపోయె." నావైపు తిరిగి, "అక్కకి చెప్పు. నేర్పుతానని చెప్పు," అంది.

అక్క బందరు నుంచి బయల్దేరి వచ్చేసరికి పెద్దమ్మకు మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చున్న అక్క అరచేతిలో పెద్దమ్మ తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఏదో మెత్తటి దాన్ని ఉండ చేస్తున్నట్టు నలుపుతూ ఉండేది. ఎంత మెత్తగా ఉండాలో అక్కకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆ సందులో గోడౌన్లు తప్ప ఇళ్లు లేవు. అరిసెలు అట్టపెట్టెల్లో, ప్లాస్టిక్ కాగితం చుట్టి వస్తున్నాయి. చిన్ననాటి రుచులు కాలంతోపాటు పోయాయని నా ఈడువాళ్లంతా అంటుంటే వింటుంటాను. మా ఇంటి అరిసెలు మాత్రం కాలంతో పోలేదు. వాటిని నేను పోగొట్టాను.