మోకాళ్లు మడిస్తే ఆగిన ఏడుపు

తెలంగాణ వేరుపడిన కొత్తలో, మహారాష్ట్రలోని గడ్‌చాందూర్ నుంచి చంద్రపూర్ వెళ్లే బస్సులో ఒక తల్లి నా పక్కన కూర్చుంది. ఒళ్లోని నాలుగేళ్ల కూతురికి ఇంకా మాట రాదు, మెడ నిలవదు. గుక్కపట్టి ఏడుస్తోంది.

"దిష్టి తియ్యలేదా?" అంది ముందు సీటామె.

"ఇంట్ల మిరపకాయలన్నీ ఒడిసినయ్ అక్కా," అంటూ తల్లి పాప మోకాళ్లను పొట్టకేసి మడిచింది. ఏడుపు ఆగింది. బస్సు కుదుపుకు కాళ్లు సాగాయి. మళ్లీ ఏడుపు. మళ్లీ మడిచింది, ఆగింది.

"ఉత్త ఏడుపు గాదు, నొప్పే!" తల్లి నా వైపు తిరిగి కేక వేసింది. "గిసొంటి పిల్లలు గిట్లనే ఏడుస్తరంటడు డాక్టరు. కాకా, మీరు చూసిండ్రు గద, వచ్చి ఆయనకు చెప్తరా?"

కండక్టర్ ఆసుపత్రి ముందే బస్సు ఆపించాడు. ఆమె వెంట కొందరం దిగాం.

"జరుగుండ్రి, నేను చెప్త," అంటూ దిష్టి తియ్యమన్నామె అందరికంటే ముందు నడిచింది.