చివరి ఫారం దాచిన బైండరు

వీధిలో అందరూ అట్టలాయన అని పిలిచే బైండరుకు పుస్తకాల్లో నచ్చనిది ఒక్కటే, లోపల ఉన్నది. ముప్పై ఏళ్ళుగా అద్దె లైబ్రరీ వాళ్ళ చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలేసి పంపుతున్నాడు గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ముందుగదే అతని షాపు. పాత దారం కోసి పుస్తకాన్ని ఫారాలుగా, అంటే పదహారేసి పేజీల మడతలుగా విడదీస్తాడు. చిరుగులకు పల్చటి కాగితం అతికించి, వాటిని వరస పెట్టి ఇవ్వడం భార్య పని. ఆమె వరస పెడుతూ చదువుతుంది కూడా. ఆ సంగతి అతనికి తెలుసు, ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆ సోమవారం మాత్రం పట్టించుకోవాల్సి వచ్చింది. ఓ ప్రేమ నవల ఏడో ఫారం చేతిలో పట్టుకుని ఆమె నవ్వింది. పైకి కాదు, తనలో తాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ నవ్వు అతను చూసి ఎరగడు. మనిషి ఇక్కడుంది సరే, మనసెక్కడుంది?

ఆమె వంటింట్లోకి వెళ్ళగానే ఏడో ఫారం తిరగేశాడు. నవ్వాల్సిందేమీ కనపడలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగి, ఒకటో ఫారం దగ్గర మొదలుపెట్టాడు. హీరోకి మూడు ఫ్యాక్టరీలున్నాయి, పని మాత్రం లేదు. ఎప్పుడూ కోపమే. హీరోయిన్ మెట్లు దిగితే చాలు, జారి అతని చేతుల్లోనే పడుతుంది. మెట్లకి రెయిలింగు పెట్టించుకోలేడా అని విసుక్కున్నాడు అట్టలాయన. చెయ్యి పట్టి లాగడాలు, వానలో చిక్కుకోవడాలు, హోటలంతటికీ ఒక్క గదే ఖాళీగా ఉండడాలు. ఆపైన ఒక్క ముక్క అడిగితే తేలిపోయే అపార్థం, దాన్ని రెండు ఫారాలు సాగదీశారు.

"నోరు లేదా వీళ్ళకి? అడిగి చావొచ్చు కదా!" అని చిందులు తొక్కాడు. భార్యని ఒక్క మాట అడగకుండా, ఆమె చదివింది దొంగచాటుగా చదువుతున్న పెద్దమనిషి అన్న మాట అది.

తిట్టుకుంటూనే మర్నాటికి పదకొండు ఫారాలు లాగించేశాడు. గిన్నెలో జిగురు గట్టిపడినా గమనించలేదు. హీరోయిన్ రైలెక్కేసరికి ముక్కు ఎగబీల్చాడు కూడా. జలుబు చేసిందని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

అనుమానం తీరలేదు సరికదా, ముదిరింది. ఆ కోపిష్టివాడే ఆమెకి నచ్చాడా? చూద్దామని చివరిదైన పన్నెండో ఫారాన్ని ఆమె చదవకముందే తీసి అట్టల దొంతర కింద దాచాడు. వాడంటే మోజుంటే ముగింపు కోసం వెతక్కుండా ఉండదు కదా.

ఆమె వెతకలేదు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. పదకొండు ఫారాలూ శుభ్రంగా పేర్చి పక్కన పెట్టి, మరో పుస్తకం అందుకుంది. ఇది మరీ ఘోరంగా తోచింది అతనికి. ముగింపు అప్పుడే తన మనసులో ఊహించేసుకుందా ఏం?

శుక్రవారం లైబ్రరీ నుంచి కబురొచ్చింది, పుస్తకం ఏమైందని. ఇక ఉండబట్టలేక ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు.

"చివరిది లేదని తెలిసి కూడా ఎందుకు అడగలేదు?"

"మీరే దాచారుగా, చూశాను. చదవడం అయ్యాక ఇస్తారులే అనుకున్నా."

అట్టలాయన గబుక్కున సూది అందుకుని దారం ఎక్కించబోయాడు. "అది సరే. ఆ హీరోలాంటి మొగుడు కావాలని ఉందా నీకు?"

"వాడా!" ఆమె పకపకా నవ్వింది. "నా చెయ్యి అలా పట్టుకు లాగితే రెండు తగిలించేదాన్ని. ఆ మెట్లమీద పడ్డం, ఆ వాన, అవన్నీ గబగబా తిప్పేశాను."

"మరి ఏడో ఫారంలో నవ్వావెందుకు?"

ఆమె కాసేపు చేతిలో కాగితం సరిచేసుకుంది. "అక్కడ వాడు ఇంటికొచ్చి కూర్చుని, ఇవాళ నీకెలా గడిచిందని అడుగుతాడు. ఆ పిల్ల చెప్పుకుంటూ పోతుంది, రెండు పేజీలు. వాడు వింటాడు. అంతే."

అట్టలాయనకు సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, దారం అందుకో, కత్తెర ఇటివ్వు అనడం తప్ప ఆమెతో తను ఏం మాట్లాడాడో ఎంత తలుచుకున్నా తట్టలేదు. సూది పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ నీకెలా గడిచింది?"

ఆమె చేతులు ఆగిపోయాయి. అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏంటి సంగతి?" అంది. "నిజం చెప్పండి, ఏం కొంప ముంచారు?"