వదులుగా పట్టిన తాడు

లోకంలో ఏ చిక్కయినా కుట్టుతో తీరిపోతుందని దర్జీకి గట్టి నమ్మకం. తలుపు సందులోంచి చలిగాలి వస్తుంటే పాత కోటు చేతులు కోసి, ఇసుక పోసి కుట్టి, గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. పక్క వాటా ముసలాయన మాటిమాటికీ కళ్లజోడు పడేసుకుంటుంటే, మెడలో వేసుకోవడానికి దానికో సన్నటి తాడు కుట్టిచ్చాడు. ముప్పై నాలుగేళ్లుగా అదే వీధిలో, అదే ముందుగదిలో, కిటికీ పక్కన మిషను వేసుకుని కూర్చున్నాడు. పొద్దున్నే మిషనుకు నాలుగు చుక్కల నూనె వేసి, చక్రం మీద చెయ్యి ఉంచి, "దేవుడా, ఇవాళ నా చేతిలో ఎవరి గుడ్డా పాడవకుండా చూడు" అనుకున్నాకే పెడలు మీద కాలు పెడతాడు.

ఆయన భార్య బేకరీ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు కూడా, లోపం తాడులోనే ఉండి ఉంటుందని ఆయనకు తోచింది.

జరిగిందేమంటే, వాళ్లకో కుక్క ఉంది. ఒళ్లంతా తెలుపు, వీపు మీద మాత్రం గుండ్రటి నల్ల మచ్చ, మచ్చ మధ్యలో రెండు తెల్ల చుక్కలు. అచ్చం చొక్కా గుండీలా ఉంటుందని దానికి బొత్తాం అని పేరు పెట్టారు. దాన్ని రోజూ నడిపించేది ఆవిడే. పాపం, దానికి చెడ్డ బుద్ధి ఏమీ లేదు. వీధిలోకి అడుగు పెడితే మాత్రం అన్నీ ఒక్కసారే చూసెయ్యాలన్న ఆత్రం. ఆ రోజు బేకరీ మెట్టు మీద ఎర్రపిల్లి ఎండ కాచుకుంటోంది. బొత్తాం ఎగిరి దూకింది. ఆవిడ తాడును ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. తాడుతో పాటే తనూ వెళ్లింది.

ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, నొప్పితో కళ్లు మూసుకునే ఆవిడ అన్నది ఒకటే మాట. "కుక్కని ఎవరూ కొట్టకండి."

ఎముకలో కడ్డీ వేసి, ఆరు వారాలు నాలుగు కాళ్ల స్టాండు పట్టించి నడిపించాక, డాక్టరమ్మ చేతికర్ర ఇచ్చింది. "రోజూ బయట నడవాలమ్మా. కుర్చీలోనే కూర్చుంటే ఆ కాలు కుర్చీకే అలవాటు పడిపోతుంది. తర్వాత నేనేం చెయ్యలేను," అంది మెత్తగానే.

ఆవిడ మంచం నుంచి కిటికీ దాకా నడిచేది. కిటికీ నుంచి మంచం దాకా నడిచేది. గుమ్మం దగ్గరికి మాత్రం వెళ్లేది కాదు. "రేపు చూద్దాం లెండి," అనేది. భర్త తను తోడొస్తానంటే, "మీ మిషను వదిలి రోజూ ఎన్నాళ్లొస్తారు? కుక్క లేకుండా నేనొక్కదాన్నీ వీధులు కొలుస్తూ తిరగనా, వెర్రిదానిలా?" అనేది. కుక్క తాడు అందిస్తే ముఖం పాలిపోయేది.

ఇది చూసి ఆవిడ తమ్ముడు ఓ మాటన్నాడు. ఊరి బయట కోళ్లఫారం ఉంది అతనికి. నోరు పెద్దది, మనసు మంచిదే.

"బావా, ఆ బొత్తాంగాణ్ణి నాకిచ్చెయ్. షెడ్డు దగ్గర కట్టేస్తాను, కావలి కాస్తాడు. నెలాఖరు ఆదివారం వ్యాను తెస్తా. అక్క ఇంకోసారి పడిందంటే నువ్వు కుడతావా ఎముకని?"

దర్జీ భార్య వైపు చూశాడు. ఆవిడ ఒద్దనలేదు. సరేననీ అనలేదు. బొత్తాం తల ఒళ్లో పెట్టుకుని, చెవి వెనక నిమురుతూ కూర్చుంది. ఆ ఊరుకోవడమే దర్జీకి ముల్లులా గుచ్చుకుంది. కుక్క వెళ్లిపోతే ఈవిడ ఇక గడప దాటదు. కుక్క ఉంటే భయం దాటనివ్వదు. చేతిలో ఉన్నవి మూడు వారాలు.

వెంటనే కుట్టు మొదలుపెట్టాడు. ముందు నవారుతో వెడల్పాటి మెడపట్టీ కుట్టాడు. బొత్తాం లాగింది. లోపల మెత్తటి గుడ్డ వేసి ఇంకోటి కుట్టాడు. ఇంకా లాగింది. ఇలా కాదని కాన్వాసు గుడ్డతో, ఛాతీ చుట్టూ వచ్చేలా, రెండేసి కుట్లు వేసి మూడోది తయారుచేశాడు. ఒంటికి అంత హాయిగా అమరేసరికి బొత్తాం రొమ్ము విరుచుకుని, బలం అంతా పెట్టి, దర్జీని వీధి చివరిదాకా ఈడ్చుకుపోయింది.

బావమరిది అప్పుడే వచ్చి చూశాడు. "ఏం కుట్టావు బావా! ఏకంగా సూటే కుట్టావుగా! ఇక బండి కట్టడమే తరువాయి. గుడ్డల మూటలు వాడే లాక్కెళ్తాడు."

దర్జీకి నవ్వు రాలేదు. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఎదురు వరసలో నాలుగిళ్ల అవతల ఇస్త్రీ కొట్టు నడిపే ఆమె వచ్చింది. తన కొట్టుకు వచ్చే బట్టల్లో చిన్న చిన్న చిరుగులు తనే కుట్టుకోవచ్చని నెల నుంచి పని నేర్చుకుంటోంది. ఉత్తచేతులతో ఎప్పుడూ రాదు. దర్జీ ఇంటి దుప్పట్లు ఇస్త్రీ చేసి, వెచ్చగా ఉండగానే ఆవిడ కాళ్ల మీద కప్పి, ఆ తర్వాత మిషను దగ్గరికొస్తుంది. ఆ రోజు కుట్టు వేస్తుండగా టక్కుమంది. సూది విరిగింది.

"మూడోది," అన్నాడు దర్జీ. "ఎందుకమ్మా వెనకనుంచి గుడ్డ లాగుతావు? సూది కింద పళ్లున్నాయి కదా, గుడ్డను అవే ముందుకు తీసుకెళ్తాయి. నీ చెయ్యి దారి చూపించాలంతే. నువ్విటు లాగితే మిషను అటు లాగుతుంది. మధ్యలో సూది ఏం చేస్తుంది, విరక్క?"

"ఊరికే అంటావుగానీ అన్నయ్యా," అందామె సూది ముక్క వెతుకుతూ, "పొద్దున్న నువ్వు బొత్తాంగాడితో చేసేదేంటి మరి? నువ్విటు లాగు, వాడటు లాగు. మా కొట్లోంచి చూస్తూనే ఉన్నా. ఈసారి మధ్యలో విరిగేది నీ నడుమే."

దర్జీ చక్రం మీంచి చెయ్యి తీసేశాడు. ముప్పై నాలుగేళ్లుగా ఎంతమందికి చెప్పాడో ఆ మాట! తనకు మాత్రం ఎవరో చెప్పేదాకా తట్టలేదు. దేవుడు ఒక్కోసారి మన మాటనే మనకు తిప్పి వినిపిస్తాడు, అదీ ఇస్త్రీ కొట్టు నుంచి.

మర్నాడు సూటు పక్కన పెట్టి, మామూలు మెడపట్టీకి మామూలు తాడు తగిలించి బయల్దేరాడు. గడప దాటగానే తాడు బిగుసుకుంది. దర్జీ ఆగిపోయాడు. లాగలేదు, అరవలేదు. కొలతలు తీసుకునేటప్పుడు మనిషి నిలబడ్డట్టు నిలబడ్డాడు. బొత్తాం కాసేపు గింజుకుంది. ఇదేంటి, చెట్టుకు కట్టేశారా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. ఆ తిరగడంలో తాడు వదులైంది. "పద," అన్నాడు దర్జీ. ఒక్క అడుగు. మళ్లీ బిగుసుకుంది. మళ్లీ ఆగాడు. బొత్తాం పక్కకు వచ్చినప్పుడల్లా ఎడమ తొడ దగ్గర చిన్న రొట్టె ముక్క దొరికేది. అందుకోసం ప్యాంటు పక్క కుట్టు మీద ఓ బుల్లి జేబు కూడా వేసుకున్నాడు. కుట్టు మానెయ్యమంటే మానేస్తాడా?

రొట్టె అంచులు బేకరీ ఆయన ఇచ్చేవాడు. అడక్కుండానే పొట్లం కట్టి ఉంచేవాడు. "నా మెట్టు మీదే కదండీ పడింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది," అన్నాడు ఓ రోజు. ఆ మెట్టుకు కాలు జారకుండా రబ్బరు పట్టీ కూడా కొట్టించాడు.

మొదటి రోజు గడప నుంచి కరెంటు స్తంభం దాకా నలభై అడుగులు నడవడానికి, ఒక చొక్కాకు కాలరు కుట్టేంత సేపు పట్టింది. నాలుగో రోజుకు ఇస్త్రీ కొట్టు దాకా వెళ్లారు. తొమ్మిదో రోజుకు బేకరీ దాకా. పదో రోజు ఎర్రపిల్లి కనబడింది, నేర్చుకున్నదంతా బొత్తాం గంగలో కలిపేసింది. దర్జీ కోప్పడలేదు. వెనక్కి తిరిగి, పిల్లి చిన్నగా కనబడేంత దూరం వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టాడు. రోజుకో రెండు గజాలు దగ్గరయ్యారు. రెండో వారం చివరికి, మెట్టు మీద పిల్లి ఉన్నా బొత్తాం ఒళ్లు వణికించుకుంటూనే దర్జీ ముఖం వైపు చూడటం నేర్చింది.

ఆ సాయంత్రం సంబరంగా ఇంటికొచ్చి, "ఇదిగో, ఒక్కసారి పట్టుకో. బయటికొద్దు, గదిలోనే," అని భార్య ఎడమచేతికి తాడిచ్చాడు.

కుడిచేత్తో కర్ర పట్టుకుని ఆవిడ లేచింది. కర్ర, అడుగు, ఆగడం. కర్ర, అడుగు, ఆగడం. బొత్తాం తనకు తెలిసిన నడక నడిచింది. మూడో అడుగుకే ముందుకెళ్లింది, తాడు కాస్త బిగుసుకుంది. కాస్తే. ఆవిడ తాడు వదిలేసి గోడ పట్టుకుంది.

"నా వల్ల కాదండీ. తమ్ముణ్ణి రమ్మనండి."

బొత్తాంకి ఏం తప్పు చేసిందో తెలియలేదు. కిందపడ్డ తాడును నోట కరుచుకుని దర్జీ దగ్గరికి తెచ్చింది.

ఆదివారానికి ఇంకా వారం. మర్నాడు పొద్దున్న దర్జీ పనిలో మనసు పెట్టలేకపోయాడు. ఎదురుగా కొక్కేనికి వేలాడుతున్న కోటు వైపే చూస్తూ కూర్చున్నాడు. కొలతలు పోగొట్టుకుని, ఉజ్జాయింపుగా తన ఒంటి మీద చూసి కుట్టిన కోటు అది. కుట్టించుకున్నాయన తొడుక్కుని, చేతులు పొడవయ్యాయని తిరిగి తెచ్చిచ్చాడు. చూస్తూ చూస్తూ ఉండగా దర్జీకి బుర్రలో దీపం వెలిగినట్టయింది. కుక్కకు నేర్పింది ఎవరి నడక? తనది. గుడ్డ మూట చంకన పెట్టుకుని పరిగెత్తే నడక. తన కొలతకు కుట్టి ఆవిడకు తొడిగితే ఎలా సరిపోతుంది?

కొలతే తియ్యలేదు!

ఆవిడ మంచం నుంచి కిటికీకి వెళ్తున్నప్పుడు వెనకాలే సుద్దముక్కతో కూర్చుని, పాదం పడ్డ చోటల్లా నేల మీద గీత గీశాడు.

"ఇదేం పనండీ, ఈ వయసులో నేల మీద పాకడం?"

"నువ్వు నడు. కొలత తీసుకుంటున్నా."

టేపు పెట్టి చూశాడు. పద్నాలుగు అంగుళాలు. ఒక్కో అడుగుకూ మధ్య, ఆవిడ గాలి పీల్చి వదిలేంత ఆగడం.

ఆ మర్నాటి నుంచి వీధికి వినోదమే వినోదం. పక్క వాటా ముసలాయన దగ్గర కర్ర అరువు తెచ్చుకుని, దర్జీ వీధిలో కర్ర, అడుగు, ఆగడం మొదలుపెట్టాడు. పద్నాలుగు అంగుళాలకు ఒక్క పిసరు ఎక్కువ వెయ్యడు. తుంటి కూడా ఆవిడలాగే ఓ పక్కకు ఒరిగించాడు. పాల వ్యాను నడిపే అతను బండి ఆపి, "ఏమైంది దర్జీగారూ, మీకూ విరిగిందా?" అన్నాడు. ఇస్త్రీ ఆమె కొట్టు ముందున్న బల్ల లోపలికి లాక్కుని దారి ఇచ్చింది గానీ, నవ్వాపుకోలేక ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మరిచిపోయి, ఉలిక్కిపడి తీసింది. బొత్తాం మాత్రం నవ్వలేదు. కర్ర చప్పుడుకు చెవి నిక్కించింది. రెండు రోజుల్లో కర్ర ఆగితే తనూ ఆగడం, కర్ర కదిలితే తనూ కదలడం పట్టేసింది.

శనివారం పొద్దున దర్జీ అలా నడుచుకుంటూ ఇంటి ముందుకొచ్చేసరికి కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది.

"ఏమండీ! ఏంటా నడక? నేనలా నడుస్తానా?"

దర్జీ దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు. "మరి... పద్నాలుగంగుళాలే కదా?"

"అంగుళాల సంగతి కాదు. ఆ తుంటి ఊపడం ఏంటి, బాతులాగా! వీధి వీధంతా చూస్తోంది. నేనంటే ఇదే అనుకోరూ?" అంటూనే ఆవిడకు నవ్వొచ్చింది. కిటికీ చువ్వ పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. పడ్డ తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడటం అదే మొదటిసారి. నవ్వాగాక ఆవిడ ఆయన వైపే చూస్తూ నిలబడింది. చెమటపట్టిన నుదురు, అరువు కర్ర, ప్యాంటుకు ఆ బుల్లి జేబు. "ఎన్నాళ్లుగా చేస్తున్నారిలా?" అనడిగింది.

ఆదివారం పొద్దున్నే బావమరిది వ్యాను తెచ్చాడు, చేతిలో గొలుసుతో. లోపలికొచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది.

"ఎక్కడికక్కా?"

"ఆగు. మీ బావ నా నడకని వీధిలో నవ్వులపాలు చేశారు. అసలుదెలా ఉంటుందో చూపించి వస్తాను."

మూడు మెట్లు దిగడానికి దర్జీ మోచెయ్యి పట్టుకుంది. దిగాక వదిలేసింది. తాడు ముంజేతికి చుట్టుకోబోయి ఆగి, వేళ్ల మధ్య వదులుగా పట్టుకుంది. దర్జీ రెండడుగులు వెనక నిలబడి, పెదాలు కదలకుండా దేవుణ్ణి తలుచుకున్నాడు. "ఇవాళ నాదే గుడ్డ స్వామీ, పాడవనివ్వకు."

కర్ర, అడుగు, ఆగడం. బొత్తాం ఆవిడ ఎడమ కాలి పక్కనే, తల కాస్త పైకెత్తి నడిచింది. తాడు మధ్యలో కుంగి, ఊగుతూ ఉంది. స్తంభం దాటారు. ఇస్త్రీ కొట్టు దాటారు. ఇస్త్రీ ఆమె పలకరించలేదు, ఎక్కడ కాలు తడబడుతుందోనని ఊపిరి బిగబట్టి చూసింది. బేకరీ ముందుకొచ్చేసరికి, ఆ రబ్బరు పట్టీ మీదే ఎర్రపిల్లి.

ఆవిడ ఆగిపోయింది. బొత్తాం ముందుకాలు ఒకటి గాల్లోకి లేచింది, వీపు మీద గుండీ మచ్చ దగ్గర వెంట్రుకలు నిక్కాయి. తాడు బిగుసుకోబోయింది. బేకరీ ఆయన పిల్లిని లోపలికి తీసుకుపోవాలని వంగబోతే, దర్జీ చేత్తోనే వద్దని సైగ చేశాడు.

బొత్తాం పిల్లిని చూసింది. కర్రను చూసింది. కర్ర కదలడం లేదు. ఎత్తిన కాలు నెమ్మదిగా దించి, ఆవిడ ముఖం వైపు చూసింది.

"పద నాన్నా," అందావిడ, ఊపిరి వదులుతూ.

పదహారు అడుగులు అవతలిదాకా వెళ్లి వెనక్కి తిరిగారు. తిరిగొచ్చేటప్పుడు చెత్తడబ్బా దగ్గర బొత్తాం ఓసారి లాగింది. ఆవిడ ఆగింది, అది వెనక్కి వచ్చింది. కుక్క కుక్కే కదా. ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని ఆవిడ చెమట తుడుచుకుంటుంటే, బావమరిది గొలుసు జేబులో కుక్కేశాడు.

"ఇంతేనా? ఏదీ, ఇలా తే," అని తాడందుకుని, ముంజేతికి చుట్టుకుని, పెద్ద పెద్ద అంగలేస్తూ బయల్దేరాడు. స్తంభం దాకా వెళ్లేసరికి ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియలేదు.

"తమ్ముడూ, చేతికి చుట్టుకోకురా!" అని అక్క కేకేసింది. "లాగకు! నువ్వు లాగితే వాడూ లాగుతాడు!"

వ్యాను ఖాళీగానే వెళ్లింది. సుద్ద గీతలు చెరిపెయ్యమని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా దర్జీ వినలేదు. పై ఆదివారం టేపు తీసుకుని మళ్లీ ఆవిడ వెనకాల నేల మీద కూర్చున్నాడు.

"ఎంతండీ?" అందావిడ, వెనక్కి తిరక్కుండానే.

"పదిహేనున్నర," అన్నాడు దర్జీ, సుద్దముక్క చెవి మీద పెట్టుకుంటూ.