డాక్టరమ్మ గీసిన మూడో కాలమ్

మా కోడలు కంప్యూటరు ముందు ఆఫీసు పని చేసుకుంటోంది. నెల పేరు, పని పూర్తయిందా లేదా అన్న మాట, ఈ రెండూ ఒక సూత్రంలో పెట్టి మీట నొక్కింది. టక్కుమని ఆ రెండూ సరిపోయిన వరుసల మొత్తం వచ్చేసింది. తిరుపతిలో మా వంటింట్లో పప్పు ఉడుకుతున్నా, నా ముక్కుకు మాత్రం ఫినాయిలూ పచ్చిపేడా కలిసిన వాసన తగిలింది. ఎనభైల మొదట్లో పలమనేరు దగ్గర ఒక చిన్న పశువుల ఆసుపత్రి వాసన అది. గుమాస్తాగా నా మొదటి ఉద్యోగం అక్కడే. డాక్టరు సరోజమ్మ గారు. పశువుల డాక్టరుగా ఆడమనిషిని ఆ చుట్టుపక్కల ఊళ్లలో అంతకుముందు ఎవరూ చూడలేదు. మొదట్లో నవ్వారట. నేను చేరేనాటికి "డాక్టరమ్మ ఉండాదా?" అని అడిగి, లేదంటే ఆవును వెనక్కి తోలుకుపోయేవారు.

మేలుజాతి దూడల కోసం ఆవులకు సూది వేసే పని కాంపౌండరు మునెప్పది. సైకిల్ మీద ఊరూరూ తిరిగేవాడు. ఏ ఊళ్లో, ఏ నెలలో ఎన్నిటికి వేశాడు, అవి చూడి కట్టాయా లేదా అన్నది రిజిస్టరులో వరుసగా రాసి ఉండేది. నెలవారీగా కట్టినవి వేరు, కట్టనివి వేరు కూడి పంపడం నా పని. మొదటిరోజు అంకెలన్నీ కలగాపులగం చేసుకుని బిక్కమొహం వేశాను. డాక్టరమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఒక వేలు నెల మీద పెట్టు విమలా, ఇంకో వేలు 'కట్టింది' మీద పెట్టు. రెండు వేళ్లూ ఔనంటేనే ఆ అంకెను కూడు. ఒకటి కాదన్నా వదిలేసి కిందికి దిగు," అన్నారు.

ఒక ఏడాది వానలు మొదలయ్యాక పై అధికారి ఒకాయన వచ్చారు. వేసవి నెలల్లో కట్టనివే ఎక్కువ కనిపించాయి. ఈ పని ఇక్కడ ఆపేసి మునెప్పను దూరంగా ఎక్కడికైనా బదిలీ చేస్తామన్నారు. మునెప్పకు ఇంట్లో చూపు లేని తల్లి ఉంది. గోడవారగా నిలబడి, పొడిగా ఉన్న చేతులనే తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. డాక్టరమ్మ నెల గడువు అడిగారు.

ఆయన వెళ్లాక, "ఈ కట్టలేదన్నవాటిని చూసొచ్చింది ఎవురు?" అని అడిగారు.

"ఎవురూ సూడలేదమ్మా," అన్నాడు మునెప్ప. "ఎండలకు ఆవుల్ని పరీక్షకు ఎవురూ తోలకరాలేదు. రాకుంటే కట్టలేదని రాసేది ముందునుంచీ వాడుక."

ఆమె కోప్పడలేదు. స్కేలు తీసుకుని నా కాగితం మీద మూడో కాలమ్ గీసి, పైన 'తెలియదు' అని రాశారు. మునెప్పను ఒక్కొక్కటీ అడిగి మళ్లీ కూడితే, కట్టలేదన్నవాటిలో చాలా భాగం అందులోకి వచ్చి పడింది.

"పదండి, పోయి చూద్దాం," అన్నారు.

బస్సుల్లో, ఎడ్లబండ్లమీద తిరిగాం. ఒక ఊళ్లో గంగులమ్మ అనే ఆవిడ మమ్మల్ని చూడగానే, "ఎదకు మళ్లా రాలేదు గదా అని నేనూ ఊరకుండినా. అంతదూరం యాడ తోలకొచ్చేది?" అంది. డాక్టరమ్మ ఆవును పరీక్షించి మా వైపు తిరిగారు. మొహమంతా నవ్వు. "ఉండాది మునెప్పా, కట్టింది!" మునెప్ప ఆ ఆవు మెడ మీద తల ఆనించి ఎంతసేపటికీ ఎత్తలేదు.

చాలా ఊళ్లలో అదే మాట. కట్టనివీ కొన్ని లేకపోలేదు. గడువు ముగిసేసరికి కొన్ని ఊళ్లు మిగిలిపోయాయి.

"ఇవీ కట్టిండేవే అయ్యుంటాయి. ఆ లెక్కలోనే ఏసేద్దామమ్మా," అన్నాడు మునెప్ప ఆశగా.

"తెలీకుండా కట్టలేదని రాసినందుకే గదప్పా నీకు ఇంత కష్టం వచ్చింది. తెలీకుండా కట్టిందని రాస్తే మాత్రం సరిపోతుందా?"

మళ్లీ వచ్చిన అధికారి మూడో కాలమ్ దగ్గర ఆగి, ఇదేమిటన్నారు. "మేం ఇంకా పోవాల్సిన ఊళ్లు సార్," అన్నారామె. ఆయన నవ్వేసి సంతకం పెట్టారు. మునెప్ప రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు.

సరోజమ్మ గారు ఇప్పుడు లేరు. మొన్న మా మనవరాలి పుట్టువెంట్రుకలకు చిత్తూరు నుంచి మా ఆడబిడ్డ రాలేదు. పిలుపు ఆలస్యమైందని అలిగిందన్నారు ఇంట్లో. ఆ మాట ఆమెను అడిగి వచ్చిందెవరన్నాను. ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. తలుపు తీసిన మనిషి కాలికి పెద్ద కట్టు ఉంది.

"జారి పడితి వదినా. మంచిపని ముందర చెప్పి మిమ్మల్ని కంగారుపెట్టేదెందుకని ఊరకుండినా," అంది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వంటింట్లోకి పోయి ఇద్దరికీ కాఫీ కలిపాను.