ఎక్కడైనా ఆడే చిన్నాన్న

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే ఒక కార్ఖానా ఊళ్ళో, భుయ్యాడీహ్‌లోని మా రెండు గదుల ఇంట్లో మాతోపాటు మా చిన్నాన్న ఉండేవాడు. కార్ఖానా ఫుట్‌బాల్ జట్టులో ఆయనకంటూ ఒక చోటు లేదు. బ్యాక్ ఆడేవాడికి జ్వరమొస్తే బ్యాక్, వింగ్ ఆడేవాడు పెళ్ళికని ఊరెళ్తే వింగ్. ఎనిమిదేళ్ళు అలాగే ఆడాడు. ఎక్కడ నిలబడమన్నా "హా సాబ్" అనేవాడు. కార్ఖానాలో ఆయనది ఆటవల్ల వచ్చిన ఉద్యోగం, ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆడలేనంటే అదీ ఉండదు.

ఆ వానాకాలం ఒక మ్యాచ్‌లో ఎవరి తలో ఆయన కణతకు గట్టిగా తగిలింది. వారం తిరిగేసరికి నాకేదో తేడాగా అనిపించసాగింది. గ్లాసులో పోసిన నీళ్ళు సగం నేలమీద పడేవి. గుమ్మం దాటుతుంటే ఎడమ భుజం కొట్టుకునేది. నాకప్పుడు పదేళ్ళు. ఒక పొద్దున ఆయన ఎడమపక్కకు వెళ్ళి నిలబడ్డాను. నేనున్నట్టే ఆయనకు తెలియలేదు. చెయ్యి తగిలాక ఉలిక్కిపడ్డాడు.

"ఏటైంది చిన్నాన్నా, అగుపడ్డం నేదా?"

వంటింటివైపు ఓసారి చూశాడు. "ఎవులికీ చెప్పకు పాపా. ఈ సీజనొక్కటీ గడిచిపోనీ" అన్నాడు.

తలూపాను. ఆ రోజునుంచి నాకు అన్నం సయించలేదు. అమ్మ అడిగితే కడుపునొప్పి అనేదాన్ని.

ఆదివారం మ్యాచ్‌కి నాన్న నన్నూ తీసుకెళ్ళాడు. మబ్బు కమ్మి మైదానమంతా నల్లబడింది. గోల్ కాసేవాడికి ముందురోజే వేలు విరిగిందట. కోచ్ చిన్నాన్నను పిలిచి, "ఆజ్ గోల్ మే తూ" అని గోల్ ఆయనకు అప్పగించాడు. చిన్నాన్న ఒక్కసారి నావైపు చూసి చేతి తొడుగులు వేసుకున్నాడు. నేను నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. విషయం మాత్రం చెప్పలేదు.

మొదటి బంతి ఎడమవైపునుంచే వచ్చింది. చిన్నాన్న ఆలస్యంగా, గుడ్డిగా దూకాడు. ఆయన మోకాలు మా జట్టు బ్యాక్ ఆడే మనిషి పక్కటెముకల్లో దిగింది. ఆ మనిషి లేవలేదు. నలుగురు మోసుకెళ్ళారు. కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది.

మళ్ళీ ఆట మొదలవబోతుంటే చిన్నాన్న తొడుగులు విప్పి కోచ్ దగ్గరకు నడిచాడు. తనకు ఒక కన్ను కనబడటం లేదని అందరి ముందూ చెప్పాడు. కోచ్ తిట్టలేదు, మొహం తిప్పుకున్నాడు. ఆయన ఆట అక్కడితో ముగిసింది. నెల తిరక్కుండా ఉద్యోగమూ పోయింది. డాక్టరుకు చూపించేసరికి ఆ కంటిచూపు పూర్తిగా పోయింది.

ఆ ఆదివారం సాయంత్రమే మ్యాచ్ నుంచి ఇంటికి నడుస్తూ నాతో అన్నాడు: "నీసేత దాయించినాను పాపా. అదే నా పెద్ద తప్పు. ఇంకెప్పుడూ ఎవులు దాయమన్నా, నీకు బయమేత్తే దాయకు."

తర్వాత నేను నర్సునయ్యాను. "ఏమీ లేదమ్మా" అంటూ నొప్పి దాచుకుని మంచం దిగబోయిన రోగులను ఎందరినో చూశాను. ఆ మాట వింటే ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచి రాలేను. పక్కన కూర్చుని ఇంకోసారి అడుగుతాను.