గంజి పైట

నా చిన్నప్పుడు మా కొల్లేటి లంకలో నీళ్లకి కాపలా కాసినవాళ్లు ఎవరూ లేరు. ఎటు చూసినా నీళ్లే. వాకిలి దాటితే దోనె, దోనె ఎక్కితే నీళ్లు, వానలు ముదిరితే ఆ నీళ్లే గుమ్మందాకా వచ్చి పలకరించి పోయేవి. అలాంటి ఊళ్లో ఒక రోజున మా నాయనమ్మ నీళ్ల కుండ ముందు పీట వేసుకుని కూర్చుంది, నాకు చుక్క అందకుండా. ఆ రోజుని నేనెప్పుడూ మర్చిపోలేదు గానీ, ఇంతగా ఎప్పుడూ తలుచుకోలేదు. ఈమధ్య ఆ పీట నాకు దక్కింది లెండి, అందుకని.

మా అమ్మ ఇప్పుడు ఏలూరులో నా దగ్గరే ఉంటోంది. ఆవిడకి ఎనభై దాటాయి, నాకు అరవై దాటాయి. ఇద్దరు ముసలమ్మలం ఒకే గదిలో. అమ్మకి సుగరు ఎప్పట్నుంచో ఉంది, దాంతో పాటు లివరు కూడా ఏళ్ల తరబడి చెప్పాపెట్టకుండా పాడైపోయి, చివరికి రాయిలా గట్టిపడిపోయిందన్నారు. దాని వెనకాలే కిడ్నీలూ చేతులెత్తేశాయి. డయాలసిస్‌కి ఈ ఒళ్లు తట్టుకోదండీ అని డాక్టరు గారు నా మొహం చూడకుండా చెప్పేశారు. పొట్ట నీళ్లతో ఉబ్బిపోతుంది. సూది వేసి తీయిస్తే నాలుగు రోజులు తేలిగ్గా ఉంటుంది, మళ్లీ నిండుతుంది. పొట్టనిండా నీళ్లు పెట్టుకుని, నాలుక మాత్రం ఎండిపోయి అంగిలికి అతుక్కుపోతుందావిడకి. ఏ జబ్బునైనా తిట్టొచ్చు గానీ, దీన్ని తిట్టడానికి నాకు తిట్లు చాలడం లేదు.

ఉప్పు వద్దన్నారు. నీళ్లు రోజంతటికీ ఒక చిన్న సీసాడే, మందు మింగించేవి కూడా అందులోంచే. ఆ సీసా నా చేతిలో ఉంటుంది. అమ్మ దాన్నే చూస్తూ ఉంటుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి చెప్పుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. లివరు అనగానే సగం మంది గొంతు తగ్గించి, అమ్మగారికి ఏమైనా అలవాటు ఉండేదా అండీ అని అడుగుతారు. కాఫీ కూడా రెండో పూట వద్దనే మనిషండీ మా అమ్మ! మిగతా సగం మంది కొబ్బరి బోండాలు పట్టుకొస్తారు. మా వైపు రోగిని చూడ్డానికి ఉత్తి చేతులతో వెళ్లడం పరువు తక్కువ, బోండాం అయితే చలవ, ఎవరికైనా మంచిదే అని ఒక గుడ్డి లెక్క. కిడ్నీలు పోయినవాళ్లకి ఆ నీళ్లు గుండెనే ఆపేస్తాయని డాక్టరు గారు నాకు రెండుసార్లు చెప్పారు. ఆ మాట నేను అందరికీ చెప్పాను. ఒక్కళ్లు నమ్మితే ఒట్టు. ఇంత ఎండలో తల్లికి గుక్కెడు నీళ్లు పొయ్యని కూతురట నేను. ఆ మాట నా వీపు వెనక అన్నారు, నాకు వినపడేలా అన్నారు.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు వరద తీశాక మా ఊరికి వాంతులూ విరోచనాలూ పట్టుకున్నాయి. నాకు తెల్లారగట్ల మొదలైతే మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. మా నాన్న డాక్టరుని తీసుకొస్తానని దోనె వేసుకుని బయల్దేరారు. ఇంట్లో మిగిలింది మంచం మీద నేను, వంటింట్లో అమ్మ, కుండ ముందు నాయనమ్మ. విరోచనాలు పట్టుకున్న పిల్లకి నీళ్లు పోస్తే జబ్బుకి నీళ్లు పోసి పెంచినట్టే అని అప్పట్లో మా లంకలో అందరి నమ్మకం. కడుపు ఎండగడితే అదే కట్టుకుంటుందనేవారు. నేను ఏడ్చాను, తిట్టాను, చివరికి ఏడవడానికి కన్నీళ్లు కూడా రాలేదు. నాయనమ్మ మూత మీద చెయ్యి తియ్యలేదు. ఆవిడని నేను ఆ రోజు రాక్షసి అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను కూడా.

మా అమ్మ ఎదురు చెప్పలేదు. అత్తగారి ముందు గొంతెత్తి మాట్లాడే కాలం కాదు, మా అమ్మ స్వభావమూ కాదు. పొయ్యి మీద అన్నం వార్చింది. గంజి ఎప్పటిలాగే గేదెల కుడితిలోకి పోవాల్సిందే కదా, దానికి కాపలా ఎవరుంటారు? ఆ గంజిలో ఉప్పురాయి వేసి చల్లార్చి, పైట కొస అందులో ముంచి, దోసిట్లో దాచుకుని నా దగ్గరికి వచ్చింది. పిల్లకి మొహం తుడుస్తానండీ అత్తయ్యగారూ, జిడ్డు కారుతోంది అంది. తుడుస్తూ తుడుస్తూ పైట కొస నా పెదాల మధ్యకి తోసి పిండింది. ఉప్పగా, గోరువెచ్చగా గంజి గొంతులోకి దిగింది. నేను నోరు తెరిచి ఏదో అనబోతే కళ్లతోనే కసిరింది.

మళ్లీ వంటింట్లోకి, మళ్లీ మంచం దగ్గరికి. ఆ సాయంత్రం దాకా మా అమ్మ నా మొహం తుడుస్తూనే ఉంది. ఒకసారి నాయనమ్మ చిరాకుపడి, ఎన్నిసార్లు తుడుస్తావే, పిల్లకి తోలు లేచిపోతుంది అని కసురుకుంది. అని మొహం గోడవైపుకి తిప్పుకుంది. ఆ తర్వాత అమ్మ వచ్చినప్పుడల్లా ఆవిడ గోడకేసే చూసింది. నిద్ర వస్తోందేమో అనుకున్నాను నేను.

పొద్దు వాలేసరికి అమ్మ పైట కొస గంజికి ఎండిపోయి అట్టలా బిరుసెక్కింది, చెంపకి తగిలితే గీరుకునేది. నాన్న డాక్టరుని వెంటబెట్టుకుని వచ్చేటప్పటికి నేను పక్క తడిపేసి సిగ్గుతో ముడుచుకుని ఉన్నాను. ఆయన పక్క తడిమి చూసి నవ్వారు. ఉచ్చ పోసిందంటే ఇక భయం లేదమ్మా అన్నారు. ఇప్పుడు మా అమ్మ విషయంలో డాక్టరు గారు రోజూ మొదట అడిగేదీ అదే. ఎంత పోశారు అని. నేను చెప్పే జవాబుకి ఆయన నవ్వరు.

నేను లేచి తిరగడం మొదలెట్టాక మా నాయనమ్మ లంకంతా చాటుకుంది, నేను నీళ్లు పొయ్యనివ్వలేదు కాబట్టే మా పిల్ల దక్కింది అని. పెళ్లిళ్లలో చెప్పింది, చావుల దగ్గర చెప్పింది, పోయేదాకా చెప్పింది. మా అమ్మ పక్కనే నిలబడి తమలపాకులు అందిస్తూ విన్నది. ఒక్కసారంటే ఒక్కసారి కాదనలేదు. పెద్దదాన్నయ్యాక ఉండబట్టలేక అడిగేశాను, ఆ గొప్పంతా ఆవిడకెందుకు వదిలేశావే అని. అమ్మ అప్పుడు చెప్పింది. మా నాన్న తర్వాత నాయనమ్మకి ఇంకో కొడుకు ఉండేవాడట. ఇదే జబ్బు. ఆ పిల్లాడు నీళ్లు నీళ్లు అని అడుగుతుంటే ఆవిడ ఇలాగే కుండ ముందు కూర్చుందట, చుక్క గొంతులో పడకుండానే పోయాడట.

"నీళ్లు తాగితే బతుకుతారని నేను రుజువు చేస్తే, ఆ పిల్లాడు ఎందుకు పోయినట్టే? ఆ మాట ఆవిడ వినగలదా?" అంది అమ్మ.

అంతే. మళ్లీ ఆ ఊసు మా మధ్య రాలేదు.

మొన్న మిట్టమధ్యాహ్నం మా మావయ్య వచ్చాడు, అమ్మకి ఆఖరి తమ్ముడు. చేతిసంచీలో తువ్వాలు కప్పి బోండాలు. నేను వంటింట్లో చప్పిడి జావ కాస్తుంటే, ముందే చెక్కించి తెచ్చినదానికి ఏకంగా గొట్టం పెట్టి అక్కగారి నోటికి అందించబోతున్నాడు. నేను పరిగెత్తుకెళ్లి లాక్కున్నాను. సగం నా నైటీ మీద ఒలికింది. ఆ నీళ్లు విషంతో సమానం మావయ్యా, గుండె ఆగిపోతుందని చెప్పానా లేదా మీకు అని అరిచాను.

"నీకు నీళ్లు పోసి బతికించుకుందే అమ్మాయ్ మా అక్క. దానికి నువ్విచ్చేది ఇదా?" అన్నాడు.

సంచీ గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు. అంటే ఆయనకి తెలుసన్న మాట, ఆ గంజి సంగతి. అత్తారింట్లో ఎవరికీ చెప్పని మాట పుట్టింట్లో చెప్పుకుని ఉంటుంది. నేను తలుపేసి, సీసా ఒళ్లో పెట్టుకుని అమ్మ మంచం పక్కన కుర్చీలో కూలబడ్డాను. చేతులు మూత చుట్టూ బిగుసుకుపోయాయి.

లివరు పనిచెయ్యకపోతే ఆ చెడంతా తలకెక్కుతుంది, మనుషుల్ని పోల్చుకోలేరు అని డాక్టరు గారు ముందే చెప్పారు. అప్పటిదాకా ఒకటీ అరా తడబాటే తప్ప నన్ను పోల్చుకుంటూనే ఉంది. ఆ మధ్యాహ్నం కళ్లు తెరిచి నన్ను చూసింది, నా చేతిలో సీసా చూసింది, చూసి రెండు చేతులూ జోడించింది.

"అత్తయ్యగారూ, ఒక్క గుక్క ఇవ్వనివ్వండీ."

నాకు గుండె ఆగిపోయిందండీ. బోండాం నీళ్లు అక్కర్లేకుండానే ఆగిపోయింది. నేను నాయనమ్మని అయిపోయాను. అమ్మా, నేనే, నీ కూతుర్ని అన్నాను. వినలేదు. మీ కాళ్లు పట్టుకుంటానండీ అంది. ఇంకేం చెయ్యను? సీసాలో ఆ రోజుకి మిగిలింది అడుగున కాసిని. పైట కొస తడుపుదామంటే నేను నైటీలో ఉన్నాను. బీరువాలోంచి ఆవిడదే పాత నేతచీర లాగి, కొస తడిపి, పెదాల దగ్గర పెట్టి పిండబోయాను. డాక్టరు గారు కూడా పెదాలు తడపొచ్చన్నారు, అదేమీ తప్పు కాదు.

అమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది. ఎండి పగిలిన ఆ పెదాలు బిగించేసింది.

"నాకు కాదండీ. పిల్లకి."

రోజంతా నీళ్ల సీసానే చూస్తూ ఉన్న మనిషి, నోటి దగ్గరికి వచ్చిన తడిని కాదంది. ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. పిల్లకి, పిల్లకి అంటూ గదంతా కళ్లతో వెతుకుతోంది. చివరికి ఆ చీర కొస నేనే నోట్లో పెట్టుకుని, ఆవిడ చూస్తుండగా చప్పరించాను. తాగిందమ్మా, చూడు, తాగేసింది అన్నాను. అప్పుడు చేతులు దింపింది. హమ్మయ్య అంది. అని కళ్లు మూసుకుంది.

ఇప్పుడు డాక్టరు గారు సీసా లెక్క వదిలెయ్యమంటున్నారు. ఏం అడిగితే అది పెట్టండమ్మా అంటున్నారు. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలియని వయసా? సీసా తీసేసి చెంబు నిండా నీళ్లు పెట్టాను, మూత కూడా పెట్టలేదు. ఆవిడ అడగడం లేదు. ఇన్నాళ్లూ నేను కాసిన కాపలా ఆవిడని నాలుగు రోజులు నిలబెట్టిందో, ఉన్న నాలుగు రోజులూ ఎండగట్టిందో నాకెవరూ చెప్పరు. మా మావయ్య మాత్రం రేపు నలుగురిలో ఏదో ఒకటి అంటాడు. అననివ్వండి. మా అమ్మలా పక్కన నిలబడి వింటాను, కాదనను. నాయనమ్మ ఆ సాయంత్రం గోడకేసి ఎందుకు తిరిగిందో నాకిప్పుడు తెలుసు. నేను కూడా ఒక్కసారైనా అలా గోడకేసి తిరిగి ఉంటే బాగుండేది, నా చెయ్యి దాటించి ఇంకెవరైనా ఆవిడకి రెండు గుక్కలు పోసి ఉండేవాళ్లు. ఆ చీర కొస ఉతకలేదు నేను. గంజి లేకపోయినా, ఎండి బిరుసుగానే ఉంది.