బ్యాటరీ డబ్బాలో తోటకూర

అది 2023 వేసవి. బెంగాల్‌లో మన తెలుగు రైల్వే కుటుంబాలు ఎక్కువగా ఉండే ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా పాప అప్పుడప్పుడే అన్నం తినడం మొదలుపెట్టింది. క్లినిక్‌కి వచ్చిన ఏ బిడ్డ పాలిపోయి కనిపించినా నాకు ఇంట్లో పాపే గుర్తొచ్చేది.

నాలుగేళ్ల రమ్యను వాళ్ల మామ్మ తీసుకొచ్చేది. కడుపునొప్పి, విసుగు, ఆకలి లేకపోవడం. రక్తానికి బలమిచ్చే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది. డాక్టరుగారు ఐరన్ మందు రాశారు. వాడినా ఫలితం లేదు.

"మందు మానేసినావేటి మామ్మా?" అని అడిగాను.

"నానెందుకు మానేస్తాను? దానికి తోడు రోజూ తోటకూర ఒండి ఎడతన్నాను. రైలోళ్లం, మాకేదీ పారీడం తెలీదు. పాత డబ్బాల్లో పెంచినాను. ఇదిగో, నీ బిడ్డకీ తెచ్చినాను."

కట్ట అందుకుంటూ మాటవరసకి అడిగాను: "ఏ డబ్బాలు?"

"మా వోడి టోటో బ్యాటరీలవి."

టోటో అంటే మా ఊళ్లో బ్యాటరీతో నడిచే రిక్షా. ఆ బ్యాటరీల్లో ఉండేది సీసం, పిల్లల రక్తాన్నీ మెదడునీ దెబ్బతీసే విషం. కట్ట పక్కన పెట్టేసి వెంటనే డాక్టరుగారికి చెప్పాను. రక్తంలో సీసం ఎంతుందో చూసే బ్లడ్ లెడ్ టెస్టుకి శాంపిల్ కోల్‌కతా పంపారు. ఉండకూడనంత ఉందని వచ్చింది.

వాళ్లింటికి వెళ్లాను. రమ్య తండ్రి అప్పలరాజు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం పలకలు తీసేది పెరట్లోనే. రమ్య ఆడుకునేదీ అక్కడే.

"పొగ లేని బండని కొన్నాను సిస్టర్. ఇస్కూలు పిల్లల్ని దాంట్లోనే దింపుతాను. ఇప్పుడిదీ ఇసమేనా? బండి ఆపీసి ఏటి తినమంటావు?"

"బండి ఆపొద్దన్నా. బ్యాటరీ పగలగొట్టకు. పాతది అలాగే షాపులో ఇచ్చేసి కొత్తది తీసుకో."

"పలకలమ్మితేనే కదా పిల్లకి మందులు!"

ఆ మాట అన్నాక తనే తల దించుకున్నాడు. మామ్మ గడప మీద కూర్చుండిపోయింది.

"నా సేత్తోనే ఎట్టినానా?"

"కూర ఒకటే కాదు మామ్మా. పెరట్లో మట్టంతా అదే."

రమ్యను పెద్దాసుపత్రికి పంపారు. పెరడు బాగుచేసేదాకా మేనత్త క్వార్టర్‌లో ఉంచారు. నెమ్మదిగా సీసం తగ్గింది, ఆకలి పుట్టింది. రేపు చదువులో ఏం తేడా కనిపిస్తుందో మాత్రం డాక్టర్లు చెప్పలేకపోయారు.

ఆ టోటో ఒక కుటుంబాన్ని నిలబెట్టింది. వీధిలో పొగ తగ్గించింది. అరిగిపోయిన బ్యాటరీ ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ ముందు ఆలోచించలేదు. అందుకే అది పిల్ల కంచంలోకి వచ్చింది. అభివృద్ధి అన్న మాట వింటే నాకిప్పుడు ముందు ఆ కంచమే కనబడుతుంది.

ఇది రాస్తుంటే మా పాప పక్కనే నిద్రపోతోంది. రేపూ నేను డ్యూటీకి టోటోలోనే వెళ్తాను. దిగేముందు అలవాటుగా డ్రైవర్ని అడుగుతాను: "పాత బ్యాటరీ ఏం చేస్తావు దాదా?"

మొన్న ఒకతను నవ్వాడు. "ఏం దీదీ, కొంటావా?"

"కొనను. ఇంటికి మాత్రం తీసుకెళ్లకు. పిల్లలున్నారా?"

అతను నవ్వు ఆపి, ఉన్నారన్నట్టు తలూపాడు.